పాత బండి కొన్న మేనల్లుడికి

విజయవాడ,
మార్చి 10



నువ్వు కారు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. 2014 మోడల్ స్విఫ్ట్ డిజైర్, డీజిల్ బండి, మీటర్లో 1,64,000 కిలోమీటర్లు. "అంత తిరిగిన బండిని నమ్మి పిల్లాడు హైవే ఎక్కొచ్చా అన్నయ్యా" అని బెంగపడింది. ఎక్కొచ్చు. ఆటోనగర్లో ఇన్నేళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి కాబట్టి ఆ మాట గట్టిగానే చెప్పాను. అయితే అంత తిరిగిన బండిని ఎలా చూసుకోవాలో తెలిసిన మనిషి చేతిలో ఉంటేనే ఆ మాట నిలబడుతుంది. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం బండి డాష్‌బోర్డులోనే పెట్టుకో.

ముందు నీ భయాలు రెండు తీర్చేస్తాను. సామాను దొరకదేమోనన్నది మొదటిది. నీ బండిలో ఉన్నది ఫియట్ రూపొందించిన 1248 సీసీ ఇంజను. మారుతి వాళ్లే కాదు, టాటా వాళ్లు విస్టా, మాంజా కార్లలో, ఫియట్ వాళ్లు పుంటో, లీనియా కార్లలో దాన్నే వాడారు. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసినా, ఇన్ని రకాల బండ్లలో తిరిగిన ఇంజను కాబట్టి సామానుకీ లోటు లేదు, పని తెలిసిన మెకానిక్కులకీ లోటు లేదు. పదేళ్లు దాటిన డీజిల్ బండిని రోడ్డెక్కనివ్వరని నీతో ఎవరో అన్నారట. ఆ పదేళ్ల నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం కోసం వచ్చింది. మన దగ్గర సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించుకుని ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఆర్‌సీ మీద గడువు తేదీ ఒకసారి చూసి పెట్టుకో.

ఇక అసలు సంగతి. ఎక్కువ తిరిగినంత మాత్రాన బండి చెడిపోదు. వేళకి మార్చని ఆయిలు, తుప్పు నీళ్లయిపోయిన కూలెంటు, పెళుసెక్కిన రబ్బరు, ఈ మూడూ కలిసి దాన్ని షెడ్డుకి తెస్తాయి. కొత్త బండికి ఎన్ని వేల కిలోమీటర్లకి ఏం మార్చాలో కంపెనీ పట్టిక చెబుతుంది. లక్షన్నర దాటిన సెకండ్ హ్యాండ్ బండికి ఆ పట్టిక ఒక్కటే చాలదు. ముందు యజమాని ఏవి మార్చాడో, ఏవి వదిలేశాడో అందులో ఉండదు. అందుకని నీకు రెండు కావాలి. ఒకటి నోటు పుస్తకం, రెండోది ఖర్చు పెట్టడంలో ఒక వరస. ఈ ఉత్తరం మొత్తానికి నేను చెప్పేది ఈ రెండే.

నోటు పుస్తకం ఇవాళే మొదలుపెట్టు. మొదటి పేజీలో 1,64,000 అని రాసుకో. "ఆయిలు మొన్ననే మార్చాం" అని అమ్మినవాళ్లు చెప్పినా, బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకో. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, కూలెంటు, బ్రేక్ ఆయిలు, గేర్‌బాక్స్ ఆయిలు ఒక్కసారిగా మార్పించి, ఒక్కోదాని పక్కన తేదీ, కిలోమీటరు వెయ్యి. ఆ రోజు నుంచి బండి చరిత్ర నీ చేతిలో ఉంటుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు మెకానిక్కుకి ఆ పుస్తకం చూపిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. అనవసరంగా మార్చిందే మళ్లీ మార్చే ఖర్చూ తప్పుతుంది.

ఇప్పుడు వరస. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది చాలామందికి తలకిందులుగా ఉంటుంది. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం, పాలిష్ చేయిస్తారు. బ్రేకులు వచ్చే నెల చూద్దాంలే అంటారు. నువ్వు అలా చేయకు. మొదటి ఖర్చు బండిని ఆపేవాటికి, తిప్పేవాటికి. రెండో ఖర్చు ఇంజనుని చల్లగా, తడిగా ఉంచేవాటికి. మూడోది బండిని నడిపించేవాటికి. సోకులు ఆఖరున.

బ్రేకులతో మొదలుపెడదాం. నీ బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ముందు ప్యాడ్లు అరిగితే చప్పుడు చేసి చెబుతాయి. వెనక బ్రేక్ షూలు డ్రమ్ములో దాక్కుని ఉంటాయి కాబట్టి విప్పి చూడకుండా తెలియవు. డ్రమ్ములు విప్పించి, దుమ్ము దులిపించి, లోపలి వీల్ సిలిండర్లు కారుతున్నాయేమో చూడమను. అందరూ మరిచిపోయేది బ్రేక్ ఆయిలు. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక మరిగే వేడి పడిపోతుంది, ప్రమాణం ప్రకారం 155 డిగ్రీలకి తగ్గొచ్చు. ఘాట్ దిగేటప్పుడో, హైవే మీద వరసగా బ్రేకులు తొక్కినప్పుడో ఆ ఆయిలు మరిగి బుడగలు వస్తే, పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చేస్తే ఆ భయమే ఉండదు. మార్చాక నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించడం మరిచిపోకు.

తర్వాత టైర్లు. టైరు పక్కగోడ మీద డాట్ అని ఉన్న చోట చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో ఇరవై మూడో వారంలో తయారైందన్న మాట. గుబ్బలు బాగా కనిపిస్తున్నా, ఆరేళ్లు దాటిన టైరుని హైవే మీద నమ్మొద్దు. రబ్బరు గట్టిపడి పక్కగోడల మీద సన్నని పగుళ్లు వస్తాయి. గాడిలో అక్కడక్కడా చిన్న అడ్డ గట్లుంటాయి, గుబ్బలు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని లెక్క. చట్టం అంతవరకూ ఒప్పుకుంటుంది గానీ, వాన రోడ్డు మీద అంతకన్నా ముందే పట్టు తగ్గుతుంది, 3 మిల్లీమీటర్ల దగ్గరే కొత్తవి వేయించు. ఎండాకాలంలో టైర్లు పేలేది గాలి ఎక్కువై అనుకుంటారు. ఎక్కువసార్లు గాలి తక్కువై పేలుతాయి. గాలి తక్కువైతే పక్కగోడ ప్రతి చుట్టుకీ నలిగి వేడెక్కుతుంది. పొద్దున్నే, బండి తీయకముందు, డోరు దగ్గర అంటించిన చీటీలో ఎంత రాసుందో అంత గాలి కొట్టించు. దారి మధ్యలో టైరు వేడి మీదుండగా గాలి తీయించకు. స్టెప్నీ వయసు కూడా చూడు, అది అసలు తిరగకపోయినా ముసలిదవుతుంది.

స్టీరింగ్, సస్పెన్షన్ సంగతి చెవితో పట్టుకోవచ్చు. స్పీడ్ బ్రేకర్ల మీద టక్ టక్ మంటే ఎక్కువగా లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటమంటే యాక్సిల్ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి వచ్చి ఉంటుంది. బూటు చిరిగినప్పుడే చూస్తే రబ్బరు ఖర్చుతో పోతుంది, వదిలేస్తే యాక్సిలే మార్చాలి. స్పీడు పెరిగేకొద్దీ పెరిగే హోరు వీల్ బేరింగుది. ఎనభై, తొంభై స్పీడులో స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్ చేయించు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కు వంపు తిరిగింది. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ఆడుతున్నాయేమో లిఫ్ట్ ఎక్కించి చక్రం పట్టుకుని ఊపించి చూడు. నువ్వు పక్కనే నిలబడి చూడాలి. ఈ బండి వయసుకి షాకప్స్ అయిపోయి ఉండటం మామూలే. మార్చేటప్పుడు జతగా మార్చు.

ఇక ఇంజను చల్లదనం. ఏప్రిల్, మే ఎండలు వస్తున్నాయి కాబట్టి దీనికి ఆలస్యం చేయకు. రేడియేటర్లో ఎప్పుడూ కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ కలిపిందే ఉండాలి. బోరు నీళ్లు పోస్తే లోపలి సన్న గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, తుప్పు పడుతుంది. హోస్ పైపులు చేత్తో నొక్కి చూడు. రాయిలా గట్టిగా ఉన్నా, మెత్తగా ఉబ్బి ఉన్నా మార్చేయ్. నూరు రూపాయల క్లిప్పు వదులై ఇంజనే పోగొట్టుకున్న వాళ్లని చూశాను.

ఒక మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. "వాల్వు తీసేస్తే బండి హీటెక్కదు" అని రోడ్డు పక్క ఎవరైనా చెబితే వినకు. వాళ్లు చెప్పేది థర్మోస్టాట్ గురించి. దాన్ని పీకేస్తే ఇంజను తనకి కావాల్సిన వేడికి చేరదు. డీజిల్ సరిగా మండదు, మైలేజీ పడిపోతుంది, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. పైగా హీటెక్కడానికి అసలు కారణం ఏమిటో కప్పబడిపోతుంది. ఆ కారణాన్ని ఇలా పట్టుకో. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడే వేడెక్కి, హైవే ఎక్కగానే తగ్గితే ఫ్యాను తిరగడం లేదు, లేదా రేడియేటర్ ముందు రెక్కల్లో మట్టి నిండింది. హైవే మీద లాగేటప్పుడు వేడెక్కితే రేడియేటర్ లోపల మూసుకుపోయింది, వాటర్ పంపు నీరసించింది, లేదా థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు.

ముల్లు ఎర్రగీత వైపు కదిలినా, ఉష్ణోగ్రత లైటు ఎర్రగా వెలిగినా ఇంకో ఐదు కిలోమీటర్లు పోనిద్దామనుకోకు. ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తెరిచి, ఎడమ పక్కకి తీసి ఇంజను ఆపేయ్. వేడి మీద రేడియేటర్ మూత తీయకు, లోపలి ఒత్తిడికి సలసల మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్లు కూడా కుమ్మరించకు. అల్యూమినియం హెడ్ ఒకసారి వంగితే హెడ్ గ్యాస్కెట్‌తో ఆగదు, పెద్ద పనే పడుతుంది.

ఇంజన్ ఆయిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. నీ ఇంజనులో టైమింగ్ బెల్టు లేదు, చైను ఉంది. పాత ఇన్నోవా 2.5 డీజిల్ లాంటి బండ్లలో బెల్టుంటుంది, దాన్ని కంపెనీ చెప్పిన కిలోమీటర్లకి మార్చి తీరాలి, తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. చైనుకి అలాంటి గడువు లేదని చాలామంది దాన్ని మరిచిపోతారు. ఆయిలు మడ్డి కడితే ఆ చైనూ పాత సైకిలు చైనులా సాగుతుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది. పొద్దున్నే చల్లని ఇంజను స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు గలగలమని వినిపిస్తే, అది చైను కావచ్చు. అప్పుడు హైవే ఎక్కకుండా చూపించు.

ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే టర్బో కూడా ఆయిలు మీదే బతుకుతుంది. నిమిషానికి లక్షకి పైగా చుట్లు తిరిగే ఇరుసుని సన్నని ఆయిలు పొర మోస్తుంటుంది. కాబట్టి పాత బండి కదా అని చిక్కటి ఆయిలు పోయించకు. ఈ ఇంజనుకి కంపెనీ చెప్పిన 5డబ్ల్యూ-30 గ్రేడే పోయించు. చల్లటి ఉదయం చిక్కటి ఆయిలు టర్బోకి, చైనుకి చేరేసరికి ఆలస్యమవుతుంది. కంపెనీ పదివేల కిలోమీటర్లకి మార్చమంటుంది. నీది హైదరాబాద్ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిచే బండి, వయసు మీరింది, అందుకని ఏడున్నర వేలకే మార్చేయ్. తక్కువ తిరిగినా ఏడాది దాటనివ్వకు. డీజిల్ ఇంజనులో ఆయిలు రెండు రోజులకే నల్లబడుతుంది, దాన్ని చూసి కంగారు పడకు. చూడాల్సింది మట్టం. పదిహేను రోజులకోసారి చదును నేల మీద, చల్లగా ఉన్నప్పుడు గేజు తీసి చూసి పుస్తకంలో రాయి. ఆయిలు కాఫీలా పాలరంగుకి తిరిగితే నీళ్లు కలిశాయి, బండి తీయొద్దు. హైవే మీద లాగించి వచ్చాక వెంటనే తాళం తిప్పేయకుండా నిమిషం పాటు ఇంజను ఐడిల్‌లో ఉంచు, టర్బో చల్లబడుతుంది.

డీజిల్ ఫిల్టరుని చిన్నచూపు చూడకు. నీ టైరులో ఉండే ఒత్తిడి రెండు బార్లకి కాస్త ఎక్కువ. ఇంజెక్టర్లోకి డీజిల్ వెళ్లే ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. అంత సున్నితమైన చోట ఇసుక రేణువైనా, నీటి చుక్కైనా చేరితే ఇంజెక్టర్ పాడైపోతుంది. ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు ప్రతి సర్వీసులోనూ దింపించు, టైముకి ఫిల్టరు మార్పించు. ట్యాంకు అడుగంటే దాకా నడపకు. నమ్మకమైన బంకులోనే కొట్టించు.

పొగ ఏం చెబుతుందో కూడా తెలుసుకో. నల్లపొగ వస్తూ పికప్ తగ్గితే ఎయిర్ ఫిల్టరు, టర్బో హోస్ పగులు, పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వులో పేరుకున్న మసి, ఇంజెక్టర్లు, ఈ వరసలో చూపించు. తక్కువ ఖర్చుతో పోయేది ముందు చూడాలి. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది, టర్బో సీలో, పిస్టన్ రింగులో. తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంటు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్. పొగ చూడగానే "ఇంజను బోరుకొచ్చింది, దింపాలి" అనే వాళ్లుంటారు. కంప్రెషన్ పరీక్ష చేసి అంకెలు చూపించకుండా ఇంజను దింపనివ్వకు.

బండిని నడిపించేవాటిలో ముందుగా పోయేది క్లచ్. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. మార్చేటప్పుడు ప్లేటు ఒక్కటే కాక ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి మార్పించు. గేర్‌బాక్స్ దింపే కూలీ ఒక్కసారితో పోతుంది. ఐడిల్‌లో బండి మొత్తం వణుకుతుంటే ఇంజను మౌంట్లు చూడు. డైనమో బెల్టు మీద పగుళ్లుంటే మార్చెయ్. బ్యాటరీ వోల్టేజీ ఇంజను ఆగి ఉన్నప్పుడు 12.6 దగ్గర, ఇంజను నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉండాలి. నడుస్తున్నప్పుడు కూడా పెరగకపోతే తప్పు డైనమోది, కొత్త బ్యాటరీ కొన్నా ఉపయోగం లేదు.

వానాకాలం గురించి ఒక గట్టి మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇక్కడ సింగ్ నగర్ మునిగినప్పుడు, నీళ్లలో ఉన్న బండ్లు ఎన్నో ఆటోనగర్‌కి వచ్చాయి. తాళం తిప్పకుండా తోయించుకుని వచ్చిన వాళ్లకి ఆయిళ్లు, ఫిల్టర్లు మార్చి, వైరింగ్ ఆరబెట్టి చాలావరకు బాగుచేయగలిగాం. నీళ్లు దిగగానే ఆత్రంగా సెల్ఫ్ కొట్టిన వాళ్ల ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు, ఆ బలమంతా రాడ్డు మీద పడుతుంది. హైదరాబాద్‌లో వాన పడితే రోడ్లు చెరువులవుతాయి. నీళ్లు బంపర్ దాకా ఉన్నాయంటే దిగొద్దు. దిగి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, తోయించు.

డబ్బు సంగతి కూడా రాస్తాను. కొత్త కారైతే కట్టాల్సిన ఈఎంఐలో నాలుగో వంతైనా ప్రతి నెలా ఈ బండి పేరుతో పక్కన పెట్టు. అప్పుడు క్లచ్ పోయినా, టైర్లు పోయినా అప్పు చేయనక్కర్లేదు. అప్పు చేయాల్సి రానప్పుడే మనిషి పనిని వాయిదా వేయడు. సామాను కొనేటప్పుడు బ్రేకులకీ, బేరింగులకీ, ఫిల్టర్లకీ నకిలీ ముట్టుకోకు. అద్దాలు, తలుపు పిడుల లాంటివి పాత సామాను కొట్లలో తీసుకున్నా పరవాలేదు. ఊరికో మెకానిక్కుని మార్చకుండా ఒక్కణ్ణి చూసుకో. విప్పిన పాత ముక్క నీ చేతికిచ్చి ఎందుకు మార్చానో చెప్పేవాడైతే వదులుకోకు.

ఎప్పటిదాకా ఈ బండిని ఉంచుకోవాలని అడుగుతావు. ఇంజను, గేర్‌బాక్స్, సస్పెన్షన్ దేన్నైనా బాగు చేసుకోవచ్చు. అడుగున ఛాసీ భాగాలు, సస్పెన్షన్ బిగించిన చోట్లు తుప్పు తిని గుల్లబారితే మాత్రం వెల్డింగుతో నెట్టుకురావద్దు. ఆ రోజు బండిని మానేయాల్సిందే. అంతదాకా భయం లేదు. ఇంతకు రెట్టింపు కిలోమీటర్లు తిరిగి, వేళకి ఆయిలు మార్చుకుంటూ ఇప్పటికీ ట్యాక్సీగా నడుస్తున్న డిజైర్లు నా షెడ్డుకి వస్తూనే ఉన్నాయి.

ఈ వారం బ్రేకులు, టైర్లు చూపించు. ఈ నెలలోనే ఆయిళ్లు, ఫిల్టర్లు, కూలెంటు మార్పించు. సస్పెన్షన్, క్లచ్ జూన్ లోపల చూపించు, వైపర్ బ్లేడ్లు కూడా అప్పుడే. ఇవి అయ్యేదాకా హైదరాబాద్ దాటి దూర ప్రయాణం పెట్టుకోకు. అయ్యాక బండేసుకుని రా. నోటు పుస్తకం తెచ్చుకో, లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు నుంచి అంతా నీకు ఒకసారి చూపిస్తాను. ఏ నట్టు దేన్ని పట్టుకుని ఉందో నీ కళ్లతో నువ్వు చూసుకున్నాక, ఈ బండి విషయంలో నీకు ఎవరి మాటా అక్కర్లేదు.

ఇట్లు,
మీ మామయ్య